లీటరుకు ముప్ఫై ఎనిమిది

ట్రిప్పు 611. ఫిబ్రవరి 7, సోమవారం.
గుండంపల్లె – చెన్నవరం, రానూపోనూ 128 కి.మీ. లీటరుకు 38.0.

రిమార్కుల గడిలో "ఏమీ లేవు" అని రాసి సంతకం పెట్టాలని నియమం. ఆరు వందల పది ట్రిప్పులకు అలాగే రాశాను. ఇవాళ రాయబుద్ధి కావడం లేదు. ఎలాగూ ఇంధన పొదుపు మండలిలో అంకెలు తప్ప ఇంకో ముక్క చదివే నాథుడు లేడు. కడుపులో ఉన్నది ఇక్కడే కక్కుతాను.

నా పేరు హుస్సేన్‌బీ. గుండంపల్లెలో మైలేజీ టీచరమ్మ అంటే నేనే. మా ఆయన కాశింవలి మెకానిక్కు. ఇప్పుడు రెండు కిడ్నీలూ చెడిపోయిన మెకానిక్కు. సోమవారం, గురువారం ఆయన్ని నల్లమల ఘాటు దాటించి చెన్నవరం ఆసుపత్రిలో డయాలసిస్ మిషను మీదికి ఎక్కించాలి. బస్సు శనివారం ఒక్కటే, అందులో రోగులకే సీటు. ఆ బస్సును నమ్ముకుని వారానికి ఒక్కసారి డయాలసిస్‌తో నెట్టుకొస్తున్నది మా వీధిలో నాగరత్నం టీచరు ఒక్కతే. దిమ్మెల్లా ఉబ్బిన ఆమె కాళ్ళు చూస్తే దాన్ని బతుకని ఎవరూ అనరు. మా ఆయన ఒంటికి అది కూడా చాలదని డాక్టరు తేల్చి చెప్పాడు.

కరెంటు బండ్లకు బ్యాటరీలు రావడం ఆగిపోయి పద్నాలుగేళ్ళయింది. మాకు మిగిలింది పాత హైబ్రిడ్. హైబ్రిడ్ అంటే పెట్రోలు తాగని బండి అనుకుంటారు తెలియనివాళ్ళు. తాగుతుంది. కాకపోతే తాగింది ఒలకబోసుకోదు. దిగుడులో చక్రాల తిరుగుడుతో కరెంటు కూడబెట్టుకుని, ఎక్కుడులో దాన్ని వాడుకుంటుంది. మూలపడ్డ బండ్లలోంచి బాగున్న సెల్లులు ఏరి తెచ్చి, దీని బ్యాటరీని పదకొండేళ్ళుగా మా ఆయనే బతికిస్తున్నాడు.

వారానికి ఏడు లీటర్లు ఇస్తారు. మా రెండు ట్రిప్పులకు అది సరిగ్గా సరిపోతుంది. కానీ గీత దాటాలి. పోయిన వారం ఊళ్ళో బండ్లన్నిటి సగటు మైలేజీ ఎంతో, ఈ వారం గీత అంత. గీత కింద పడితే పేరు పక్కన ఎర్ర చుక్క. వరసగా రెండు వారాలు ఎర్ర చుక్క పడితే బండికి సీలు. సీలు పడ్డ బండ్లు లెక్కలోంచి పోతాయి, గట్టివాళ్ళు మిగులుతారు, సగటు మళ్ళీ పెరుగుతుంది. మూడేళ్ళ కిందట గీత ఇరవై రెండు, ఊళ్ళో బండ్లు మూడు వందల పైచిలుకు. ఈ వారం గీత 38.6, బండ్లు నలభై ఒకటి.

పొదుపు వద్దని నేనెప్పుడూ అనలేదు. పెరుగు ప్యాకెట్టు కోసం ఒక్క మనిషి రెండు టన్నుల బండేసుకుని బజారుకు పోయిన రోజులు నాకూ తెలుసు. వాళ్ళు తాగేసి పోయిన కుండలో అడుగున మిగిలిన చుక్కలు మనం నాకుతున్నాం. అందుకే రెండేళ్ళు ప్రతి ఆదివారం బడి మైదానంలో అందరికీ తోలడం నేర్పాను. చెప్పులు విప్పి బండెక్కండి, పెడలు పాదానికి తెలియాలి అన్నాను. ఇప్పుడు ఊరంతా ఉత్త కాళ్ళతోనే తోలుతుంది.

నాకు ఇప్పటిదాకా ఎర్ర చుక్క పడలేదు. గురువారం లాక్కొస్తాను.

ట్రిప్పు 612. ఫిబ్రవరి 10, గురువారం.
128 కి.మీ. లీటరుకు 38.2.

లాక్కురాలేకపోయాను. ఎదురుగాలి. ఘాటులో మూడో మలుపు దగ్గర మేకల మంద అడ్డమొచ్చి బండి పూర్తిగా ఆపాల్సి వచ్చింది. ఆగిన బండిని ఎక్కుడులో కదిలించడమంటే సగం కప్పు పెట్రోలు నేలపాలు. మేకలవాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఆసుపత్రిలో నర్సు ఎస్తేరు ఆయన్ని తూచింది. మిషను ఎక్కేముందు అరవై ఒక్క కేజీ, దిగాక యాభై ఎనిమిదిన్నర.

"పొయ్యేటప్పుడు నీళ్ళ ట్యాంకరు, వచ్చేటప్పుడు ఖాళీ డబ్బా" అన్నాడు మా ఆయన. "నీ మీటరుకు నేనే శనిగాణ్ణమ్మే."

డయాలసిస్ హాలు పక్కనే అనాథ వార్డు. నా అన్నవాళ్ళు లేని రోగులకు పన్నెండు మంచాలు. తిండీ మందూ అన్నీ అక్కడే, డయాలసిస్‌కు మాత్రం ఈ హాల్లోకే తెస్తారు. ఆ వార్డుకు చూడవచ్చేవాళ్ళు ఉండరు. ఎవరైనా వస్తే ఆ రోగి అనాథ కాడని మంచం తీసేస్తారు.

వస్తూ వస్తూ ఆయన అటు చూసి, "ఒక మంచం ఖాళీగా ఉండాది. నన్ను ఆడ పండబెట్టి పోరాదా? నీ బండి పండగ చేసుకుంటాది" అన్నాడు.

"నోరు మూసుకుని బెల్టు పెట్టుకో" అన్నాను.

ఫిబ్రవరి 11, శుక్రవారం. ట్రిప్పు లేదు.

పెట్రోలు బంకు గోడ మీద పట్టిక అంటించారు. హుస్సేన్‌బీ, 38.1. గీత 38.6. ఎర్ర చుక్క.

నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు నా ముఖం చూడలేక పక్కకు తప్పుకున్నారు. ఒకడు మాత్రం "టీచరమ్మకే పడిందిరా!" అన్నాడు. వాడికి క్లచ్చు ఏదో బ్రేకు ఏదో చూపించింది నేను.

వచ్చే వారానికి గీత 40.2. ఒక్కసారే ఒకటిన్నర పైకి! ఎలా పెరిగిందా అని మొదటి పేరు చూశాను. మిరపనారు పెంచే చిన్నపీరయ్య, 57.6. వాడి డొక్కు బండికి అంత ఎక్కడిదని అడిగితే, నవ్వి ఘాటు వైపు చూపించాడు.

వెళ్ళి చూశాను. నా దగ్గరే తోలడం నేర్చుకున్న ఓబులేసు ఎద్దుల జత ఒక కారును తాడుతో ఘాటు మీదికి లాగుతోంది. ఇంజను ఆపే ఉంది. లోపల డ్రైవరు స్టీరింగు పట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. చక్రాలు తిరుగుతున్నాయి కాబట్టి బ్యాటరీ నిండుతోంది, మీటరులో కిలోమీటర్లు పడుతున్నాయి, పెట్రోలు మాత్రం సున్నా. పైకెక్కాక తాడు విప్పుకుని జర్రున జారుకుంటూ దిగి రావడమే. బండిలో ఇంకో మనిషి లేడు, మూట లేదు. ఊరికే పైకీ కిందికీ తిరిగి, మైలేజీ రాబట్టుకుని, వచ్చిన ఏడు లీటర్లూ ఇంట్లో పంపుసెట్టుకు పోసుకుంటున్నారు.

"ఇదేం సిగ్గుమాలిన పనిరా?" అన్నాను.

"నువ్వే కదక్కా చెప్పింది" అన్నాడు ఓబులేసు. "చక్రం తిరిగిందా, పెట్రోలు కాలిందా, మీటరు చూసేది ఆ రెండే, ఎవరు తిప్పినారో దానికి తెల్దు అని. ఆ దినం మేమంతా నవ్వినాం. తర్వాత ఇంటికాడ కూచ్చోని ఆలోచన చేసినాం."

అవును, అన్నాను. క్లాసులో నవ్వించడానికి అన్నాను.

ట్రిప్పు 613. ఫిబ్రవరి 14, సోమవారం.
128 కి.మీ. లీటరుకు 39.4.

ఆదివారమంతా బండిని ఒలిచాం. వెనక సీటు, స్టెప్నీ, తలుపుల లోపలి అట్టలు, జాకీ, రేడియో, డిక్కీ మూత. మా ఆయన నట్లు విప్పుతూ పది నిమిషాలకోసారి ఆగాడు. తన సీటు కూడా తనే విప్పేశాడు. బొంత పరుచుకుని కింద కూర్చుంటానన్నాడు. పొద్దున రెండు ఇడ్లీలు పెడితే ఒకటి తీసి పక్కన పెట్టాడు.

"తినయ్యా!"

"ఇడ్లీ బరువు కాదేందీ?"

నవ్వించాలని చూశాడు. నాకు ఏడుపొచ్చింది. ఇడ్లీ ఆయన నోట్లో కుక్కాను. ఆ మీదట దిగుడులో వేగం తగ్గించకుండా ఏడు మలుపులు తిప్పాను. ఐదో మలుపులో ఎదురుగా లారీ వచ్చింది. దానికీ మాకూ మధ్య బెత్తెడు సందు మిగిలింది. బొంత మీద ఉన్న మనిషి తలుపుకు వెళ్ళి కొట్టుకున్నాడు. నుదురు బొప్పి కట్టింది.

ఇంత చేస్తే 39.4. గీత 40.2. గురువారం 41 రావాలి. మా ఆయన్ని కూర్చోబెట్టుకుని ఆ బండి 41 ఇవ్వదు. నాకంటే ఎక్కువ దాని సంగతి ఎవరికీ తెలియదు.

ఫిబ్రవరి 16, బుధవారం. ట్రిప్పు లేదు.

మండలి ఆఫీసుకు వెళ్ళాను. ఆఫీసరు లోకనాథం చెడ్డవాడు కాదు. కుర్చీ వేయించి మజ్జిగ తెప్పించాడు.

"సార్, రోగిని తీసుకుపోయే బండిని, ఎద్దులు లాగే ఖాళీ బండిని ఒకే గీతతో కొలిస్తే ఎట్లా? ఇంతకుముందు బండిలో ఎక్కిన ఒక్కో మనిషికి మూడు పాయింట్ల సడలింపు ఉండేది కదా. మా ఒక్క బండికి ఇవ్వండి సార్. మీ కాళ్ళు పట్టుకుంటా."

ఆయన సొరుగులోంచి మండలి పుస్తకం తీసి తొమ్మిదో పేజీ తెరిచాడు. అందులో నా ఫొటో. పక్కన బండిలో మా ఆయన కూర్చుని పళ్ళికిలిస్తున్నాడు. కింద అచ్చులో నా మాటలు: "బండిలో ఎవరెక్కారన్నది సాకు. తోలడం చేతకానివాళ్ళు చెప్పే సాకు. నేను రోగిని కూర్చోబెట్టుకుని మొదటి స్థానం తెచ్చుకోలేదా?"

"ఈ మాట మీదే కదమ్మా పైవాళ్ళు సడలింపు ఎత్తేసింది" అన్నాడు. "మొత్తం పద్దెనిమిది మండలాల్లో ఎత్తేశారు. ఇప్పుడు మీ ఒక్కరికి ఎట్లా రాయమంటారు?"

మొదటి స్థానం వచ్చిన ఆ రోజు నాకు శాలువా కప్పారు. మైకు ఇచ్చారు. మైకు ఇస్తే నా నోరు ఆగదు. సడలింపు ఎత్తేసిన నెలకే నాగరత్నం టీచరు బండికి సీలు పడింది. మొగుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకునే తోలేవాడు. సీలు పడ్డ ఆర్నెల్లకు బెంగతో పోయాడు. అప్పుడు నేనేమన్నాను? అతనికి గేర్లు మార్చడం రాదన్నాను. ఇవాళ ఆ కుర్చీలో కూర్చుంటే నా మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. మజ్జిగ అక్కడే వదిలేసి వచ్చాను.

నేరుగా ఓబులేసు కొట్టం దగ్గరికి పోయాను. నా బండిని ఎద్దులు లాగడమా అని పోయిన వారమే కదా ముఖం చిట్లించింది? ఇప్పుడు రెండు మోపుల చొప్ప నెత్తిన పెట్టుకుని వెళ్ళి, "తమ్ముడా, రేపు పొద్దున ఒక్క ఎక్కుడు" అన్నాను.

"ఎద్దులకు దినానికి మూడు ఎక్కుళ్ళేనక్కా. అంతకు మించితే పడిపోతాయి. ఆదివారం దాకా వరస నిండిపోయినాది. ఆదివారం ఒకరు మానుకున్నారు, దినమంతా నీకే రాసుకుంటా."

"శుక్రవారం పట్టిక వేస్తారురా! ఆదివారానికి నా బండికి సీలుంటుంది!"

ఓబులేసు ఎద్దుల వైపు చూశాడు. వాటి మెడలు పుండ్లు పడి ఉన్నాయి. ఇంక అడగలేకపోయాను. ఆదివారానికి పేరు మాత్రం రాయించి వచ్చాను, ఎందుకో నాకే తెలియదు.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు మా ఆయనకు చెప్పాను. బండి పోతే ఇంక ఎలా తీసుకుపోవాలి, వీపున మోసుకుపోనా అని గోడకు తల కొట్టుకున్నాను. ఆయన లేచి పెరట్లోకి పోయాడు. తన బట్టలు తనే ఉతుక్కుని దండెం మీద ఆరేశాడు.

ట్రిప్పు 614. ఫిబ్రవరి 17, గురువారం.
128 కి.మీ. లీటరుకు 44.9.

ఎలా వచ్చిందో రాస్తాను.

ఆసుపత్రిలో ఆయన్ని హాల్లోకి పంపి, బండి చల్లబరిచి, నాలుగు గంటలు ఎప్పటిలాగే చింతచెట్టు కింద కూర్చున్నాను. టైమైపోయినా రాలేదు. లోపలికి వెళ్తే ఆయన మిషను కుర్చీ ఖాళీ. ఎస్తేరును వెతికి పట్టుకున్నాను.

"కాశింవలి గారా? వార్డులో చేరారండీ" అంది ఎస్తేరు. "ఆ ఖాళీ మంచం ఆయనకే ఇచ్చాం. ఇన్నాళ్ళూ చెప్పలేదు పాపం, భార్య పోయి చాలా ఏళ్ళయిందంట. పిల్లాజెల్లా లేరంట."

పిల్లలు లేరన్న మాట నిజమే. నేను పోయానన్న మాట నేను నిలబడి వింటున్నాను.

ఆమె కొత్తగా వచ్చిన నర్సు. మమ్మల్ని చూసింది నాలుగైదుసార్లే. నేను తిట్టడం, ఆయన తలొంచుకుని నవ్వడం చూసి ఏమనుకుందో ఏమో.

"ఇంతకీ మీరు ఆయనకేమవుతారండీ? బంధువులైతే చెప్పండి, మంచం ఇవ్వడానికి లేదు. బయట ఇంకా నలుగురు అడుగుతున్నారు."

తలుపు సందులోంచి ఆయన కనబడుతున్నాడు. నిన్న ఉతుక్కున్న చొక్కా వేసుకుని మంచం మీద కూర్చుని నా వైపే చూస్తున్నాడు. చెప్పొద్దని తల అడ్డంగా ఊపాడు. నాకు వచ్చిన కోపానికి లోపలికి పోయి చెంప పగలగొట్టి ఈడ్చుకొచ్చేదాన్నే. ఈడ్చుకొచ్చి ఏం చేయాలి? 40 కూడా రాదు. రేపు సీలు. సోమవారం ఆయనకు మిషను లేదు. ఆ పై సోమవారానికి మనిషే ఉండడు. లెక్కలు వేయడం నాకు బాగా వచ్చు, అదే నా ఖర్మ.

"ఏమీ కానమ్మా" అన్నాను. "డ్రైవర్ని."

తిరుగు దారి అరవై నాలుగు కిలోమీటర్లు ఒక్కదాన్నే. బండి గాలిలో తేలినట్టు వచ్చింది. ఘాటు దిగాక మీటరు చూస్తే ఆ ఒక్క దారికి 51. ఆ అంకె చూసి నాకు సంతోషం వేసింది! నిజం రాస్తున్నాను. ఒక్క క్షణం "శభాష్ హుస్సేన్‌బీ" అనుకున్నాను. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం పుట్టి, బండి పక్కకు తీసి, రోడ్డు మీద కూర్చుని గుండెలు బాదుకుని ఏడ్చాను.

ఫిబ్రవరి 18, శుక్రవారం.

41.9. గీత దాటాను. టీచరమ్మ మళ్ళీ లేచిందన్నారు. మా ఆయన ఎలా ఉన్నాడని ఎవరూ అడగలేదు. ఒక్క నాగరత్నం టీచరే ఇంటికొచ్చి, కాళ్ళు ఈడ్చుకుంటూ గడపలో కూలబడి, "ఆయనేడీ?" అంది. చెప్పాను. ఆమె నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను ఆమె మొగుణ్ణి అన్న మాటలు ఆమెకు తెలుసో లేదో.

ఫిబ్రవరి 25, శుక్రవారం.

ఆదివారం నా వంతు వచ్చింది, ట్రిప్పు 615 అని రాసుకున్నాను. ఓబులేసు నా బండికి తాడు కట్టాడు. ఇంజను ఆపుకుని మూడుసార్లు పైకెక్కి, మూడుసార్లు జారుకుంటూ దిగాను. పెట్రోలు కాలింది ఇంటి నుంచి ఘాటు దాకా పోయి రావడానికే. ఎద్దుల మెడ పుండ్లకు పసుపు, వేపాకు నూరి పూశాను. నా తర్వాత వరసలో ఇరవై తొమ్మిది బండ్లున్నాయి. మళ్ళీ నా వంతు రావాలంటే నెల దాటుతుంది.

పట్టికలో మొదటి పేరు నాది. 63.4. మొదటి స్థానానికి ఇరవై ఎనిమిది లీటర్లు ఇస్తారు. లోకనాథం చప్పట్లు కొట్టించాడు. ఇంకో ఫొటో తీస్తానంటే, నన్ను వదిలేయమన్నాను. మాట్లాడమని మైకు అందించాడు. తీసుకోలేదు.

వచ్చే వారం గీత 42.1.

ఇరవై ఎనిమిది లీటర్లు ముందు పెట్టుకుని సాయంత్రం దాకా వసారాలో కూర్చున్నాను. ఎనిమిది ట్రిప్పుల పెట్రోలు. ఎక్కడికి పోవాలి? పోతే ఆయన మంచం పోతుంది.

ఆ మీదట లేచి నాగరత్నం టీచరు ఇంటికి వెళ్ళాను. "టీచరమ్మా, సోమవారం, గురువారం డయాలసిస్‌కు నేను తీసుకుపోతా" అన్నాను. "రోగితో పాటు డ్రైవర్ని హాల్లోకి రానిస్తారు."

ఆమె నాకు కుర్చీ జరిపింది. "నన్ను ఎక్కించుకుంటే నీకు గీత అందదే హుస్సేనూ" అంది.

"అందదు. ఒక వారం ఎర్ర చుక్క, రెండో వారం సీలు. ఈలోపల నాలుగు ట్రిప్పులు వస్తాయి."

"సీలు పడితే బతుకెట్లా?"

"మీరెట్లా బతుకుతున్నారు?" అన్నాను. అనకూడని మాట. ఆమె మాత్రం కోప్పడలేదు. సోమవారం ఎన్నింటికి తయారవ్వాలని అడిగింది.

ట్రిప్పు 616. ఫిబ్రవరి 28, సోమవారం.
128 కి.మీ. లీటరుకు 38.7.

డయాలసిస్ హాల్లో టీచరుకు ఇచ్చిన కుర్చీ మా ఆయన కుర్చీకి ఒక్క మనిషి దూరం. నేను ఆమె నీళ్ళ సీసా పట్టుకుని వెనకే వెళ్ళాను. ఆయన నన్ను చూసి ముందు భయపడ్డాడు. తలుపు వైపు, ఎస్తేరు వైపు చూశాడు. తర్వాత టీచర్ని చూసి, నా చేతిలో సీసా చూసి, విషయం అర్థం చేసుకున్నాడు.

మనిషి తేరుకున్నాడు. ముఖంలో వాపు తీసింది, నుదుటి మీది బొప్పి మానింది. ఉప్పులేని తిండి వేళకు పడుతోంది, ఘాటులో కుదుపులు లేవు. నేను తీసుకుపోయిన ఆరేళ్ళలో ఇంత బాగా లేడు. దానికి సంతోషపడాలి. పడ్డాను కూడా, ఏడుపు ఆపుకుంటూ.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాడు టీచరుతో.

"గుండంపల్లె" అంది ఆమె, ఆయన గడ్డం గీసుకోవడం నేర్చిన నాటి నుంచి ఎరిగిన మనిషి.

"మీ డ్రైవరు బాగా తోల్తాదా?"

"తోలడం బాగానే తోలుతుంది. దారి పొడుగునా తిట్లే."

ఆయన నవ్వాపుకోలేక దగ్గాడు. ఎస్తేరు కూడా నవ్వింది. "ఒకే వైపు వాళ్ళు కదా, మాట్లాడుకోండి. ఈయనకు పలకరించే దిక్కు లేదు" అని, నా చేతికి ఇంకో గ్లాసు ఇచ్చింది. "ఆ అన్నకు రెండు గుక్కల నీళ్ళు తాగించమ్మా, ఎక్కువ వద్దు. నాకు చేతులు ఖాళీ లేవు."

గ్లాసు పట్టుకుని ఆయన పక్కన నిలబడ్డాను. చేతికి సూదులు, గొట్టాలు. గ్లాసు నేనే పెదవికి ఆనించాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు కాపురం చేసిన మనిషిని కొత్త మనిషిలా పలకరించాలి. ఎస్తేరు ఇటే చూస్తోంది.

"తాగన్నా" అన్నాను.

మా పెద్దవాళ్ళు వింటే చెంపలు వాయించేవాళ్ళు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. రెండు గుక్కలు తాగాడు.

"మళ్ళీ వస్తావా, చెల్లెమ్మా?" అన్నాడు.

"ఇంకా మూడుసార్లు."

"అంతేనా!"

ఆ గొంతు విని ఎస్తేరు తలెత్తింది. ఆయన వెంటనే, "కాదమ్మా, ఆ టీచరమ్మకు ఇబ్బంది గదా, అందుకని" అన్నాడు. తర్వాత ముఖం అటు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. గొట్టాలు ఊడతాయి, కదలొద్దని ఎస్తేరు కేకేసింది. డ్రైవర్లు ఇంక బయట ఉండాలంది. గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

గీత 42.1. ఈ వారం ఎర్ర చుక్క పడుతుంది. పై వారం సీలు వేస్తారు.

ఇంకా మూడుసార్లు ఆయన్ని అన్నా అని పిలవగలను. ఆ తర్వాత ఆ పిలుపు కూడా ఉండదు.